బావ కీబోర్డులో మిగిలిన బటన్లు

మా బావ పోయాడు. మొన్న బుధవారం పొద్దున ఆసిఫాబాద్‌లో నా దుకాణం షట్టరు సగం ఎత్తి వంగి లోపలికి పోతుంటే ఫోను మోగింది. అక్క నంబరు. ఎత్తితే ఏడుపేమీ వినబడలేదు. "తమ్మీ, మీ బావ చెయ్యి సల్లగైందిరా" అని మాత్రం అంది. చెయ్యి అనే అంది. రెండేళ్లుగా మా ఇంట్లో అందరం ఆ చేతినే చూస్తూ బతికాం కాబట్టి ఆ మాట చాలింది. షట్టరు మళ్లీ దించి మంచిర్యాల బస్సెక్కాను.

మీలో ఎవరైనా మంచిర్యాల కోర్టు వెనక సందులో పెండ్లి కార్డో, పిటిషనో, గృహప్రవేశం పత్రికో కొట్టించుకుని ఉంటే మా బావను చూసే ఉంటారు. అద్దె ఇంటి ముందు గదే ఆయన డీటీపీ సెంటరు. దానికి సరైన బోర్డు కూడా లేదు. ఊరందరి బోర్డులకూ అక్షరాలు కూర్చినవాడు తన బోర్డు సంగతి ఎత్తితే మాత్రం "చేద్దాం తీ" అని దాటేసేవాడు. కుడివైపు ఛాయ్ గ్లాసు, ఎడమవైపు గిరాకీ తెచ్చిన చిత్తు కాగితం. చూపు కాగితం మీదే ఉండేది, వేళ్లు వాటి పాటికవి పరుగెత్తేవి. టైపు మిషను మీద నేర్చిన చెయ్యి కావడంతో బటన్లను గట్టిగా కొట్టేవాడు, ఆ చప్పుడు సందు మలుపు దాకా వినిపించేది.

ప్రింటు తీసి గిరాకీ చేతిలో పెట్టి ఎప్పుడూ ఒక్కటే మాట చెప్పేవాడు. "మళ్లొక్కసారి సదువుండ్రి. అచ్చయినంక నేనేం జెయ్యలేను." చదివామన్నా వదిలేవాడు కాదు, "పెదవులు కదుపుకుంట సదువుండ్రి" అని మళ్లీ కూర్చోబెట్టేవాడు. ఎవరైనా నిలబడి గడియారం చూసుకుంటే, "గంత తొందరైతే చేత్తోని రాసి పంచుకోరాదే" అని ఎత్తిపొడిచేవాడు. అయినా గిరాకీలు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. తిట్టించుకున్నవాళ్లే పక్కింటివాళ్లను కూడా తోలుకొచ్చేవాళ్లు.

నేను కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. బావకు అది పెద్ద వేళాకోళం. "మా బామ్మర్ది డాక్టరే, కాకపోతే పానం లేనియాటికే మందిస్తడు" అని గిరాకీలకు నన్ను పరిచయం చేసేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు, "నీ కంప్యూటర్‌కు నీకంటే బుద్ధి ఎక్కువ బావా, గందుకే నా మాట ఇంటది" అనేవాణ్ణి. అందరం నవ్వేవాళ్లం.

రోగం మా ఇంటికి కీబోర్డు రిపేరు లాగా వచ్చింది. ఒకరోజు బావ ఫోన్ చేశాడు. "బామ్మర్ది, గీ కుడిదిక్కు షిఫ్ట్ బటన్ పని చేస్తలేదురా. ఒత్తులు పడ్తలేవు" అన్నాడు. వెళ్లి చూశాను. నేను నొక్కితే పడుతోంది, ఆయన నొక్కితే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. విప్పి దుమ్ము దులిపాను. అయినా కుదరకపోతే కొత్త కీబోర్డు పెట్టాను. కొన్నాళ్లకు దానికీ అదే జబ్బన్నాడు. ఇంకోటి తెచ్చాను. ఇద్దరం కలిసి ఆ కంపెనీవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఛాయ్ తాగాం. పోతున్నది ఆయన చిటికెన వేలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బటన్ పడకపోతే చెడింది బటనే, మా ఇద్దరి బతుకుల్లోనూ అదే అలవాటు. తర్వాత ఒక పొద్దున ఆయన చేతిలోంచి ఛాయ్ గ్లాసు జారి పడింది. అప్పుడు తిట్టడానికి ఏ కంపెనీ దొరకలేదు.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు. నరాలు ఒక్కొక్కటే ఎండిపోయే రోగమట, మందు లేదట. ముందు వేళ్లు, చేతులు, తర్వాత కాళ్లు, మాట, చివరికి ఊపిరి. తెలివి మాత్రం ఆఖరి దాకా చెక్కుచెదరదని ఆయన ఓదార్పుగా అన్నాడు. అన్నింటికంటే అదే ఘోరమని మాకు పోనుపోను తెలిసింది.

తిరుగు రైల్లో బావ కిటికీ పక్కన కూర్చుని తొడ మీద వేళ్లు ఆడిస్తున్నాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థమైంది. అక్షరాలు కొడుతున్నాడు. ఏ వేలు వస్తోందో, ఏది రావడం లేదో చూసుకుంటున్నాడు. కాజీపేట దాటాక నా వైపు తిరిగాడు.

"బామ్మర్ది, బటన్లు అటీటు మార్చస్తదా?"

"ఏ బటన్లు బావా?"

"కుడిదిక్కువి ఎడమదిక్కుకు. ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గదా. మాట పోతదన్నడు డాక్టరు. పోతే పోనీ. నా మాట నేనే కొట్టుకోవాలె. ఇంకొకడు నాకు బదులు మాట్లాడొద్దు. గదొక్కటి చెయ్యి నాకు."

"చేస్త బావా" అన్నాను. డాక్టరు చెయ్యలేనన్న పని ఒక కంప్యూటరు మెకానిక్ చేస్తానని మాటిచ్చాడు. ఎదురుగా కూర్చున్న అక్క మా ఇద్దరినీ చూసి కొంగుతో ముఖం కప్పుకుంది.

ఏ బటన్ నొక్కితే ఏ అక్షరం పడాలో కంప్యూటరుకు మనం చెప్పుకోవచ్చు. చాలామందికి ఆ సంగతి తెలియదు, అవసరమూ రాదు. నాకు వచ్చింది. షిఫ్ట్‌ను నొక్కి పట్టుకోనక్కరలేకుండా, ఒకసారి తాకి వదిలితే తర్వాతి అక్షరం దాకా నిలిచేలా చేశాను. వేలు ఎత్తడం ఆలస్యమై ఒకే అక్షరం వరసగా పడుతుంటే అలా పడకుండా ఆపాను. కుడివైపు అక్షరాలన్నీ ఎడమకు తెచ్చి, ఎక్కువ వాడేవాటిని బలమున్న వేళ్ల కింద పెట్టాను. పెండ్లి కార్డుల్లో ఎప్పుడూ వచ్చే వాక్యాలకు షార్ట్‌కట్లు కట్టాను. రెండు బటన్లు నొక్కితే బంధుమిత్రుల ఆహ్వానమంతా ఒక్కసారిగా తెర మీదికి దిగేది. గిరాకీలు నోళ్లు తెరిచేవాళ్లు. "నా వేళ్లు తక్కువైతున్నకొద్ది పని జల్ది అయితాంది" అని బావ నవ్వేవాడు. నేను తెర వైపు తిరిగి ఇంకో షార్ట్‌కట్ కట్టేవాణ్ణి.

అన్నేళ్లు అలవాటైన వేళ్లకు కొత్త లేఅవుట్, అంటే అక్షరాల కొత్త అమరిక, నేర్పడం మాటలు కాదు. బావ బడి పిల్లవాడిలా కూర్చుని ఒకే వాక్యాన్ని సాయంత్రందాకా కొట్టేవాడు. తీరా అది చేతికొచ్చేసరికి ఆ చేతిలో ఇంకో వేలు పనిచేసేది కాదు. నేను మళ్లీ ఆదివారం బస్సెక్కేవాణ్ణి. ఆసిఫాబాద్ దుకాణంలో ఎవరెవరివో కంప్యూటర్లు విప్పినవి విప్పినట్టే పడి ఉండేవి. దేశదేశాలవాళ్లు ఇంటర్నెట్‌లో రాసినవన్నీ చదివేవాణ్ణి, సగం అర్థమయ్యేవి, సగం కావు. బావకు సరిగ్గా సరిపోయే లేఅవుట్ ఒక్కటి కుదిరితే రోగం అక్కడితో ఆగుతుందని నమ్మాను. పిచ్చి అని తెలుసు. తెలిసీ నమ్మాను. అక్కకు ఫోన్ చేస్తే బావ ఎట్లున్నాడని అడగడం మానేశాను, "ఏ వేలు?" అని అడిగేవాణ్ణి. ఆమె చెప్పేది. అంతే మా మాట.

ఇంతలో మాట ముద్దముద్దగా అయ్యి, ఒక వర్షాకాలంలో పూర్తిగా పోయింది. తెర మీద కొట్టినదాన్ని పైకి చదివే ఏర్పాటు చేశాను. కానీ కంప్యూటర్లో దొరికింది ఆడ గొంతు, అదీ వార్తలు చదివే ఆమెలా స్పష్టంగా మాట్లాడే గొంతు. బావ ఎంతో కష్టపడి "జర ఛాయ్ పొయ్యవే" అని కొడితే, ఆమె దాన్ని ముఖ్యాంశాల్లో మొదటిదన్నట్టు చదివింది. వంటింట్లోంచి అక్క వచ్చి నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంట్లకు ఇంకొకామెను తెచ్చినవారా తమ్మీ? నేను గీమె చెప్తే ఛాయ్ పెట్టాలెనా?"

బావ భుజాలు కదిలాయి. నవ్వు అని మాకు తెలుసు. కొన్ని నెలలు గడిచాక చూస్తే, ఆ గొంతు వినబడగానే అక్క వంటింట్లోంచే "ఆఁ, వస్తున్న" అంటోంది. అది బావ గొంతు కాదనే సంగతి ఆమె మరిచిపోయింది. నేను మరిచిపోలేకపోయాను. ఆయన గొంతు నా ఫోన్లో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, ఒక్క ముక్క కూడా దొరకలేదు. ఎప్పుడూ ఫోన్ చేసి మాట్లాడుకునేవాళ్లమే తప్ప దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

చివరికి ఎడమ బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆ వేలికి అందని బటన్లన్నీ అడ్డమవుతున్నాయని ఒక్కొక్కటే ఊడబీకి డబ్బాలో వేశాను. కీబోర్డులో మధ్యన ఒక చిన్న వరస మిగిలింది. పాత సెల్‌ఫోన్లలో మెసేజ్ కొట్టినట్టు, ఒకే బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కితే అక్షరం మారేలా చేశాను. చెయ్యి దానంతటది కదలదు కాబట్టి అక్క పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుని ఒక బటన్ మీది నుంచి ఇంకో బటన్ మీదికి జరిపేది. ఎటు జరపాలో ఆయన కంటిచూపుతో చెప్పేవాడు. ఆమె జరిపి ఆగేది. వేలు ఎప్పటికో కదిలేది, నొక్కేది. అలా ఒక మాట తయారయ్యేసరికి పొయ్యి మీద అన్నం ఉడికేది.

పూర్తి వాక్యాల కోసం నాలుగు బటన్లు విడిగా పెట్టాను. నీళ్లు కావాలి. నొప్పిగా ఉంది. పక్కకు తిప్పండి. ఊపిరి ఆడటం లేదు. నాకు తోచినవి అవే. బావ వాటిని చదివి చాలాసేపు తీసుకుని కొట్టాడు. "ఇవన్నీ మంచానికి. నాకు దుకాణం కావాలె." నొప్పి బటన్ తీసేయించి ఆ చోట తన మాట పెట్టించుకున్నాడు. మళ్లొక్కసారి సదువుండ్రి.

అవును, అప్పటికీ దుకాణం నడుస్తూనే ఉంది. చక్రాల కుర్చీలో బల్ల దగ్గర బావ, పక్కన ఆయన మణికట్టు పట్టుకుని అక్క. సగం పని షార్ట్‌కట్లు చేసేవి, మిగిలిన పేర్లు, ఊళ్లు ఆ బొటనవేలు కొట్టేది. తొందరున్నవాళ్లు వేరే దుకాణాలకు పోయారు. ఉన్నవాళ్లు కూర్చుని ఎదురుచూసేవాళ్లు.

తర్వాత ఆ వేలు కూడా పక్కకు వంగడం మానేసింది. అక్క చెయ్యి జరపకుండా ఆయనంతట ఆయనకు అందే వాక్యం బటన్ ఒక్కటే మిగిలింది. నేనూ అక్కా వంటింట్లో గుసగుసగా మాట్లాడుకున్నాం. ఊపిరికి గంట పెట్టాల్సిందేనన్నాను. ఆమె కాదనలేదు. దాని మీదున్న దుకాణం మాట, ఆ "మళ్లొక్కసారి సదువుండ్రి", తీసేసి, నొక్కగానే గట్టిగా గంట మోగేలా చేశాను. బావకు మాత్రం చెప్పలేదు.

మర్నాడు బెల్లంపల్లి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైనవాడు, మనవరాలి పెండ్లి కార్డు కోసం వచ్చాడు. బావా అక్కా కలిసి కొట్టడం అయ్యాక ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. బావ వేలు కదిలింది. గంట మోగింది. వంటింట్లో ఏదో కింద పడేసి అక్క పరుగెత్తుకొచ్చింది. పెద్దమనిషి బెదిరి లేచి నిలబడ్డాడు. బావ మళ్లీ నొక్కాడు, మళ్లీ గంటే. ఆయన కండ్లు నా వైపు తిరిగాయి. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. అక్క మణికట్టు పట్టుకుంది. "నా మాట ఏది" అని తెర మీద పడింది.

"బావా, రేపు ఊపిరాడకపోతే ఎట్ల? గంట ఉండాలె. నాకు నువ్వు బతికుండుడు గావాలె, నీకు అర్థమైతలేదా" అన్నాను. గొంతు పెద్దదయింది, పరాయి మనిషి ఉన్నాడని కూడా చూసుకోలేదు.

ఆయన మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. పెద్దమనిషి కూర్చున్నాడు. ఆయనకిచ్చిన ఛాయ్ చల్లారిపోయింది. అక్క జరుపుతోంది, ఆగుతోంది, జరుపుతోంది. చివరికి వార్తలు చదివే ఆ గొంతు ఆ గదిలో చదివింది. "బతికే ఉన్న గదరా. నువ్వే ఒక్కొక్క బటన్ తీస్తున్నవు."

నేను ఇంటి వెనక్కి పోయి నీళ్ల డ్రమ్ము పక్కన కూలబడి ఏడ్చాను. అన్ని ఆదివారాలు, అన్ని లేఅవుట్లు. నేను ఆయనకు ఏదో ఇస్తున్నాననుకున్నాను. అక్క వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "గంట ఎందుకురా? నేనే ఆయన పక్కన కూసుంట. కూరగాయలు ఆడ్నే కోసుకుంట. ఆయన మాట ఆయనకియ్యి" అంది.

ముఖం కడుక్కుని వెళ్లి గంట తీసేశాను. బావ నొక్కాడు. "మళ్లొక్కసారి సదువుండ్రి" అని గొంతు పలికింది. బెల్లంపల్లి పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుని, ఎవరూ చెప్పకుండానే పెదవులు కదుపుతూ చదివాడు. "అరె, వారం తప్పున్నదయ్యా. నేనే గట్ల రాసుకొచ్చిన" అన్నాడు. బావ కండ్లు నవ్వాయి. నాకు ఆ నవ్వు చాలనిపించింది, ఇంకా కావాలనీ అనిపించింది.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆ బుధవారం కూడా అక్క పక్కనే ఉంది. పొద్దున ఛాయ్ అడిగాడట. రెండు చెంచాలు తాగించి, ఇంకేమైనా అంటాడేమోనని మణికట్టు పట్టుకుని బటన్ల మీద పెట్టి ఎదురుచూసిందట. చాలాసేపు ఎదురుచూసిందట. తర్వాత నాకు ఫోన్ చేసింది.

గోదావరి ఒడ్డున అంతా అయిపోయింది. పెద్దకర్మకు కార్డు కావాలి. పక్క సందులో కొట్టిద్దామని చుట్టాలు అన్నారు. అక్క ఒప్పుకోలేదు. "ఊరోళ్లందరియి ఈడ్నే అయినయి. ఆయనది ఇంకో దుకాణంల కొట్టియ్యాల్నా?" అంది.

కంప్యూటరు ముందు నేను కూర్చున్నాను. ఏది నొక్కినా నేననుకున్న అక్షరం రావడం లేదు. అదంతా ఒక్క బొటనవేలి కోసం కట్టింది. సెట్టింగ్స్ తెరిచాను. అన్నీ మొదట్లో ఉన్నట్టు చెయ్యాలంటే ఒక్క క్లిక్ చాలు. నా చెయ్యి పోలేదు.

"అక్కా, ఇది గిట్లనే ఉండనిద్దాం. నేను ఇంకో కంప్యూటర్ తెస్త."

"ఇంకోటి నాకెందుకు? రేపటిసంది దుకాణం నడిపేది నేనే గద. ఎక్కడియి అక్కడ పెట్టు తమ్మీ."

లేఅవుట్ ఫైలును నా దగ్గర దాచుకున్నాను. ఏ కంప్యూటర్లో వేసినా అది పనిచేస్తుంది. దాన్ని వాడే చెయ్యే ఇక లేదు. అప్పుడు క్లిక్ చేశాను. తర్వాత డబ్బా బోర్లించి, ఊడబీకిన బటన్లను వాటి గుంటల్లో ఒక్కొక్కటే నొక్కాను. అన్నాళ్లు తీస్తూ వచ్చినవాటిని ఒక్క పూటలో పెట్టేశాను. అక్కకు తెలిసేలా వాటి మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాను. ఏడుస్తూనే అంటించాను, ఆమె చూడనట్టు ఊరుకుంది.

నేను లేచాను, అక్క కూర్చుంది. నేను చిత్తు కాగితం చదువుతుంటే ఆమె కొట్టడం మొదలుపెట్టింది. ఎడమ చేతి నాలుగు వేళ్లూ బల్ల మీద వాల్చేసింది, బొటనవేలు ఒక్కటే బటన్ల మీద ఉంది. కుడి చేత్తో తన ఎడమ మణికట్టును తానే పట్టుకుని, ఒక బటన్ మీది నుంచి ఇంకో బటన్ మీదికి జరుపుతోంది.

"అక్కా, నీకు పది వేళ్లున్నయి గదనే. రెండు చేతులతోని కొట్టు."

"నాకు గిట్లనే వచ్చు తమ్మీ" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

నేను చిత్తు కాగితం చదువుతూ పోయాను. ఆమె మణికట్టును జరుపుతోంది. ప్రతి అక్షరం దగ్గరా, ఆయన వేలు కదలడానికి పట్టేంత సేపు ఆగి, అప్పుడు నొక్కుతోంది.